తోక లేని పిట్ట

"మీ అమ్మ బస్టాపులో కూర్చుని ఉంది," అన్నాడు నాన్న, పాలసీసా తెచ్చి బల్లమీద పెడుతూ.

బుల్లి కంప్యూటరు ముందునుంచి లేవలేదు. తెరమీద ఒక కుర్రాడు మెట్లమీద కూర్చుని నవ్వుతున్నాడు. వాడి బూటుమీద చీమ తలంత గుర్రం బొమ్మ ఉంది, బూట్ల కంపెనీవాళ్ళ గుర్తు. గుర్రానికి చెవులూ మూతీ చెరిపేసింది, మెడ ఇంకా మిగిలింది. మెడ దగ్గర చెయ్యి ఆపితే మచ్చ పడుతుంది. అంచుదాకా వెళ్ళాకే ఆగాలి.

వంటింట్లోంచి వదిన తొంగిచూసింది. చేతిలో గరిటె చేతిలోనే ఉంది. అత్తగారు పోయి నెల తిరగలేదు, ఈయన ఇలా మొదలుపెట్టాడేమిటి అన్నట్టు బుల్లివైపు కళ్ళెగరేసి, గొంతు మెత్తగా చేసుకుని అడిగింది.

"ఎవరు కూర్చున్నారు మామయ్యా?"

"మీ అత్తగారు. ఇంకెవరు? ఒళ్ళో సంచి పెట్టుకుని, పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వుతోంది."

"ఎండలో నడిచొచ్చారు. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

"నాకు మతి పోలేదమ్మా, అలా చూడకు. అద్దం వెనకాల మనిషంత బొమ్మ పెట్టారు. అది మీ అత్తగారే. కానీ చేతిమీద పిట్ట లేదు." నాన్న కుర్చీలో కూలబడి చెప్పులు విప్పాడు. "ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించారు, దొంగ వెధవలు."

పిట్ట అన్న మాట చెవిన పడగానే బుల్లి చెయ్యి ఆగింది. గుర్రం మెడ దగ్గర మచ్చ పడింది.

చెయ్యి ఎవరూ అతికించలేదు. ఆ పచ్చబొట్టు పిట్టని ఫోటోలోంచి తీసేసింది తనే.

ఆ ఇంట్లో పని అలా పంచుకున్నారు మరి. అన్న ఫోటోలు తీస్తాడు, బుల్లి కడుగుతుంది. కడగడమంటే నీళ్ళూ సబ్బూ కాదు. ఫోటోలు అమ్మిపెట్టే కంపెనీ ఒకటి ఉంది. దానికి పంపితే ఎవరికి కావలసినవి వాళ్ళు కొనుక్కుంటారు. బడి పుస్తకంలో వేసుకునేవాళ్ళు కొందరు, బ్యాంకు ప్రకటనలో వేసుకునేవాళ్ళు కొందరు. అయితే అమ్మే ఫోటోలో ఎవరి గుర్తూ కనిపించడానికి వీల్లేదు. టోపీమీది బొమ్మ, బిస్కెట్టు పొట్లంమీది పేరు, కారు ముక్కుమీది బిళ్ళ, ఆఖరికి చొక్కా గుండీమీద గోటితో తడిమితే తప్ప తెలియని అక్షరం ఉన్నా తిరగ్గొట్టేస్తారు. గుర్తు కంపెనీవాడి సొత్తు, దాన్ని పెట్టి ఇంకొకళ్ళు వ్యాపారం చేస్తే కోర్టుకి లాగుతాడు. గోడమీద ఎవరైనా వేసిన బొమ్మ ఉంటే ఆ వేసినవాడి సంతకం కావాలి. మనిషి ముఖం ఉంటే ఆ మనిషి సంతకం కావాలి. సంతకం దొరకనిదల్లా బుల్లి కంప్యూటరులో చెరిపి కడిగేస్తుంది.

ఒకసారి కడిగిన ఫోటో, కడగని ఫోటో కలిసిపోయి, బిస్కెట్టు పొట్లం ఉన్నది వెళ్ళిపోయింది. కొన్ని నెలలు వాళ్ళ ఖాతా మూసేశారు. అప్పుడు అన్న ఒక కట్టుబాటు పెట్టాడు. మురికి ఫోటో ఇంట్లో ఉండకూడదు. కడగడం అవగానే పాతదాని మీదే కొత్తది పెట్టి దాచెయ్యాలి, పాతది చెరిగిపోవాలి, మళ్ళీ కంటికి కనిపించకూడదు. బుల్లి ఆ కట్టుబాటు ఒక్కనాడూ తప్పలేదు. అంత శుభ్రమైన మనిషి.

అన్న కెమెరా ముందు అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నది అమ్మ. పిలిస్తే వచ్చేది, ఎలా కూర్చోమంటే అలా కూర్చునేది. అందుకని అన్న తీసిన అమ్మ ఫోటోలన్నీ కడిగినవే.

*

మర్నాడు పొద్దున్న నాన్న, బుల్లి ఇద్దరూ వెళ్ళారు. వీధి చివర మలుపు తిరిగి, తాళాలు బాగుచేసే దుకాణం దాటితే బస్టాపు. రేకు కప్పు, ఇనుప బెంచీ, ఒక పక్క గోడకి బదులు అద్దం. ఆ అద్దం వెనక అమ్మ.

నిజంగానే మనిషంత ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, చేతులు మడిచిన చొక్కాతో, కుడిచెయ్యి సంచిమీద చాపి నవ్వుతోంది. పైన పెద్ద అక్షరాలతో 'నొప్పికి సెలవు' అని రాసి ఉంది. కింద మోకాళ్ళకి రాసుకునే మందు డబ్బా.

బుల్లి ముందు చూసింది అమ్మ ముఖం కాదు, సంచి. అది పిండిమిల్లువాళ్ళిచ్చిన సంచి. దానిమీద గాలిమర బొమ్మ ఉండేది. ఆ గాలిమర ఒక్కో రెక్కా కడగడానికి బుల్లికి మధ్యాహ్నమంతా పట్టింది, సంచి ముడతలు చెదరకుండా చెయ్యాలి కదా. ఇప్పుడు అదే చోట మందు కంపెనీవాళ్ళ ఆకు గుర్తు ఉంది. ముడత ఎక్కడ వంగితే ఆకు అక్కడ వంగింది. నీడ ఎక్కడ పడితే అక్కడ ముదిరింది. ఎవరో గాని మంచి పనివాడు అనుకుంది బుల్లి. అంతకు మించి ఏమీ అనిపించలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆమెకి అంతే. ఒత్తిగిలి పడుకుంటే తిమ్మిరెక్కిన చెయ్యిలా ఉంది ఒళ్ళంతా. తనదే అని తెలుస్తుంది, గిల్లితే మాత్రం తెలియదు.

బెంచీమీద పచ్చ స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. వీళ్ళు నిలబడి చూడటం చూసి మాట కలిపింది.

"కొనకండి. నేను కొన్నాను. డబ్బా ఒక్కటే బాగుంది, అందులో పిన్నీసులు వేసుకుంటున్నా."

"మేం కొనడానికి రాలేదమ్మా," అన్నాడు నాన్న.

"అయినా మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఇంత నవ్వుతుందా చెప్పండి? ఈవిడ నవ్వు చూస్తే నాకు ఉన్న నొప్పి పెరుగుతోంది."

"ఆవిడకి మోకాళ్ళు బాగానే ఉండేవి. నొప్పి నడుములో."

"మీకు తెలుసా ఆవిడ?"

"కాస్త తెలుసు," అన్నాడు నాన్న.

"సినిమాల్లో చేస్తుందా?"

"లేదు. కాజాలు కుట్టేది. చొక్కాలకి. ఆవిడ కాజా కుడితే గుండీ ఊడాలే గాని కాజా చిరిగేది కాదు."

స్కార్ఫు ఆవిడ ఇంకేదో అడగబోయింది గాని బస్సు వచ్చింది. "నడుం నొప్పికి ఇసుక కాపడం పెట్టమనండి," అని చెప్పి మరీ ఎక్కింది.

బుల్లి అద్దానికి దగ్గరగా వంగింది. ముంజేతిమీద చర్మం నున్నగా ఉంది. పైచేతి దగ్గర చర్మం తీసి ఇక్కడ కప్పింది తను. తీసినప్పుడు ఒక పుట్టుమచ్చ కూడా వచ్చేసింది. అందుకని అమ్మ చేతికి ఒకేలాంటి పుట్టుమచ్చలు రెండున్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఇంట్లో చిన్న తెరమీద అది కనిపించలేదు. ఇక్కడ కందిగింజంత ఉంది. అయినా తెలిసినవాళ్ళకి తప్ప తెలియదు.

నాన్న వేలు పెట్టి అద్దాన్ని తాకాడు, మణికట్టుకి పైన బెత్తెడు దూరంలో. అద్దంమీద వేలిముద్ర పడింది. ఆయన చొక్కా చేతితో దాన్ని తుడిచి, "పద," అన్నాడు.

*

సాయంత్రం అన్న వచ్చేసరికి నాన్న హాల్లో కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉన్నాడు. దుకాణం ఎప్పుడో మూసేశాడు గాని ఇరుగుపొరుగువాళ్ళ ప్యాంట్లకి అంచులు ఇంకా మడిచి ఇస్తాడు. గోడకి ఆనించిన ఫ్రేములో అమ్మ ఫోటో ఉంది. అన్న ఎంచి ఎంచి, నవ్వు బాగుందని అదే ఫోటో పెద్దది చేయించి తెచ్చాడు. ఇప్పుడా ఫ్రేము గోడవైపు తిరిగి ఉంది. వెనకాల అట్ట కనిపిస్తోంది.

"ఎవరు తిప్పారు దీన్ని?" అన్నాడు అన్న.

"నేనే," అన్నాడు నాన్న, మిషను ఆపకుండా. "అది మీ అమ్మ కాదు."

"అదేంటి నాన్నా?"

"చేతిమీద పిట్ట ఏది?"

అన్న చెల్లెలివైపు చూశాడు. బుల్లి తెరవైపు చూసింది. ఇక తప్పదని అన్న ముక్కాలిపీట లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

"పచ్చబొట్టు కూడా ఒకరు గీసిన బొమ్మే కదా నాన్నా. గీసినవాళ్ళ సంతకం ఉంటే తప్ప అమ్మడానికి లేదంటారు. బుల్లి తియ్యక తప్పలేదు."

"గీసినవాళ్ళ సంతకమా?" నాన్న మిషను ఆపేశాడు. "గీసింది సంతలో మూల కూర్చునే ముసల్ది. అప్పటికే దానికి పళ్ళు లేవు. దాన్ని ఇప్పుడు ఏ లోకంలో వెతికి సంతకం పెట్టించమంటావు?"

"అందుకేగా తీసేసింది."

"నేను అక్కడే ఉన్నానురా. పక్క కొట్లో గుండీలు కొంటున్నా. ముసల్ది సూదితో పొడుస్తోంది, ఈవిడ పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. ఒళ్ళయింది, కాళ్ళయ్యాయి, ఇక తోక దగ్గరికి వచ్చేసరికి ఓర్చుకోలేక చెయ్యి లాక్కుని పరుగు. తోక మిగిలిపోయిందే పిల్లా అని ముసల్ది వెనకాల ఒకటే కేకలు. సంతంతా నవ్వింది. అలా చూశాన్రా మీ అమ్మని మొదటిసారి. ఆ పిట్టని చూసే..." ఆయన మాట మింగి ప్యాంటు అంచు సర్దాడు. "సంచికి యజమాని ఉన్నాడు. పిట్టకి యజమాని ఉంది. మీ అమ్మకి లేరా ఎవరూ?"

"అమ్మ సంతకం పెట్టింది నాన్నా. మనం అడిగే తీసుకున్నాం."

"నువ్వు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టే మనిషి. సంతకానికేం."

వదిన పళ్ళెం తెచ్చి మామగారి పక్కన పెట్టింది. ఆయన దాన్ని పక్కకి జరిపాడు. నిన్నకూడా అలాగే జరిపాడు.

"తినండి మామయ్యా. ఎవరిమీద కోపం? కంపెనీవాళ్ళకి మీరు పస్తున్నారని తెలుస్తుందా?"

"ఆకలి లేదమ్మా."

అన్న ఫోను తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. ఫోటోలమ్మే కంపెనీవాళ్ళతో చాలాసేపు మాట్లాడి, మెత్తబడిపోయి లోపలికి వచ్చాడు. మందువాళ్ళు పద్ధతిగానే కొన్నారు, సంతకం ఉంది, తీసెయ్యమనడానికి మనకి హక్కు లేదు, ఇదీ సంగతి. కడగకముందు ఫోటో వాళ్ళ దగ్గరేమైనా ఉందా అని కూడా అడిగాడు. మీరు పంపనిది మా దగ్గరెందుకుంటుంది అన్నారు.

"పైగా ఏమన్నారో తెలుసా?" అన్నాడు చెల్లెలితో. "నిన్న పంపినవాట్లో కుర్రాడి బూటుమీద మచ్చ ఉందిట. గుర్రం మెడలాగా కనిపిస్తోందిట. మళ్ళీ కడిగి పంపమన్నారు."

"పంపుతాలే," అంది బుల్లి.

ఇంట్లో ఉన్నవన్నీ వెతికారు. అన్న పెళ్ళి ఫోటోల్లో అమ్మది పొడుగు చేతుల జాకెట్టు. పిల్లల చిన్నప్పటి ఫోటోలో ఆమె చెయ్యి బుల్లి వీపు వెనకాల ఉండిపోయింది. ఫోనుల్లో ఉన్నవన్నీ ముఖాలే. చెయ్యిని ఫోటో తియ్యాలని ఎవరికి తోస్తుంది?

"పోనీ నేను గీయించి పెట్టిస్తా నాన్నా," అన్నాడు అన్న. "బుల్లి తీసింది, బుల్లే పెడుతుంది. ఎలా ఉండేదో అందరికీ తెలుసుగా. పిట్ట మోచేతి వైపు చూస్తూ ఉంటుంది."

"మణికట్టు వైపు," అన్నాడు నాన్న.

"కాదు నాన్నా. నేను ఎన్నిసార్లు ఫోటో తీశాను. ముక్కు మోచేతి వైపే ఉండేది."

"ఎన్నేళ్ళు పక్కన కూర్చుని కాజాలు కుట్టిందిరా? మణికట్టు వైపు పోతున్నట్టు ఉండేది. ఇప్పుడో ఇంకాసేపటికో వేళ్ళమీదికి దిగిపోతుందేమో అన్నట్టు. నాకు చెప్పొస్తావా?"

"మీకు మరిచిపోయే వయసు నాన్నా."

"నీకేమో చూడటం రాని వయసు."

వదిన మధ్యలో దూరింది. "నేను రోజూ చూసేదాన్ని గాని, తోక లేదని తప్ప ఇంకేం గుర్తులేదు బాబూ. బుల్లినే అడగండి. దగ్గరుండి కడిగింది తనేగా."

ముగ్గురూ తనవైపు తిరిగారు. బుల్లి కళ్ళు మూసుకుంది. అమ్మ చెయ్యి కనిపించింది. నున్నగా, ఏమీ లేకుండా, బస్టాపులో ఉన్నట్టే ఉంది. దానిమీద కందిగింజంత పుట్టుమచ్చ. ఎంత తరిచి చూసినా అంతే.

"గుర్తులేదు," అంది.

నాన్న ప్యాంటు మడిచి, దారం కొరికి, లేచి లోపలికి వెళ్ళిపోయాడు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, "పిట్ట వచ్చాక తిప్పండి దాన్ని," అన్నాడు. ఫ్రేము అలాగే గోడవైపు చూస్తూ ఉండిపోయింది.

*

ఆ తర్వాత నాన్న రొట్టెముక్క పాలలో ముంచుకుని తినడం తప్ప భోజనానికి కూర్చోలేదు. పొద్దున్నే వెళ్ళి బస్టాపులో బెంచీమీద కూర్చునేవాడు, బస్సులేవీ ఎక్కకుండా. వదిన వెళ్ళి పిలుచుకొచ్చేది. "అత్తయ్య ఉన్నప్పుడు ఆవిడ పక్కన ఇంతసేపు కూర్చున్నారా మీరు?" అని వేళాకోళం ఆడేది, నవ్విద్దామని. ఆయన నవ్వేవాడు కాదు. "అప్పుడు పని ఉండేది," అనేవాడు.

బుల్లి గుర్రం మెడ మళ్ళీ కడిగి పంపింది. అన్న కొత్త ఫోటోలు తెచ్చాడు, రొట్టెలు కాల్చే ఒకతనివి. పిండి పూసుకున్న చేతులు, వెనకాల మండుతున్న పొయ్యి, అవి బాగా అమ్ముడుపోతాయి. పెనంమీద ఒక పేరు ఉంది, కడిగింది. తలకి కట్టుకున్న గుడ్డమీద మీగడ రంగు బొమ్మ ఉంది, అదీ కడిగింది. ఇక అతని ముంజేతిమీద గులాబీ పచ్చబొట్టు మిగిలింది.

పచ్చబొట్టు కడగడానికి బుల్లికి ఒక పద్ధతి ఉంది. మధ్యలో మొదలుపెడితే చర్మం అతుకులేసినట్టు వస్తుంది. అందుకని బయటి అంచు పట్టుకుని, గీత ఎటు పోతే అటే పోతూ, చుట్టూ తిరిగి లోపలికి వస్తుంది. గీసినవాడు ఎలా గీశాడో అలాగే, కాకపోతే గీత ముందుకి వచ్చినకొద్దీ వెనకాల ఏమీ ఉండదు. గులాబీ కాడ దగ్గర మొదలుపెట్టింది. ముల్లు దగ్గర చెయ్యి పైకి లేచి, మళ్ళీ దిగింది. ఆకు చుట్టూ తిరిగింది. రేకలోకి వెళ్ళింది.

రేక చివర్లో ఆమె చెయ్యి ఆగింది. కన్ను చూడకముందే చెయ్యి తిరిగిపోయింది. రేక ఎటు వంగుతుందో చేతికి ముందే తెలిసినట్టు.

బుల్లి కుర్చీ వెనక్కి జరుపుకుంది. తర్వాత రొట్టెలతన్ని మూసేసి అమ్మ ఫోటో తెరిచింది. నున్నటి చెయ్యి. కళ్ళు మూసుకుని, కడగడానికి అన్నట్టు చెయ్యి ఆడించింది.

మొదలు మణికట్టు దగ్గరే పట్టింది. అక్కడ గుండ్రంగా రొమ్ము. అక్కడినుంచి కిందికి పొట్ట, రెండు కాళ్ళు, ఒక కాలికి మూడు వేళ్ళు, రెండోదానికి రెండే. మళ్ళీ పైకెక్కి వీపు. వీపు చివర చెయ్యి ఠక్కున ఆగిపోయింది. అక్కడ కడగడానికి ఏమీ లేదు. ఒక్కసారి ఎగిరి మెడమీద దిగింది. మెడ ముందుకి పోలేదు. వెనక్కి తిరిగింది, పూర్తిగా వెనక్కి. ముక్కు మోచేతి వైపు వచ్చింది.

బుల్లి కళ్ళు తెరిచి, ఇంకోసారి మూసుకుని, మళ్ళీ ఆడించింది. మళ్ళీ అంతే.

ఒళ్ళు మణికట్టు వైపు. తల మోచేతి వైపు. పోతూ పోతూ ఆగి, తన తోక ఏమైందా అని వెనక్కి తిరిగి చూసుకుంటున్న పిట్ట.

ఆమె లేచి ఫ్రేము నేలమీద పడుకోబెట్టి, వెనక మేకులు ఊడదీసి, ఫోటో బయటికి తీసింది. పచ్చసిరా పెన్ను సన్నటిది వెతికింది. వదిన వచ్చి, "పాడుచేస్తావేమో, ముందు కాగితంమీద గియ్యవే," అంది. బుల్లి వినిపించుకోలేదు. చూసుకుంటే చెయ్యి తడబడుతుందని పక్కకి, గోడమీది మేకువైపు చూస్తూ గీసింది. కడిగినట్టే గీసింది, బయటి అంచునుంచి. ఈసారి మాత్రం గీత ముందుకి వచ్చినకొద్దీ వెనకాల ఉంటూ వచ్చింది.

నాన్నని పిలిచారు. చొక్కామీద సూదులు గుచ్చుకుని ఉన్నాయి, అలాగే వచ్చాడు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఫోటో మీద వంగాడు. అన్న కూడా వంగాడు.

"చూశావా, మణికట్టు వైపు," అన్నాడు నాన్న.

"ముక్కు చూడండి నాన్నా. మోచేతి వైపు."

"ఊఁ," అన్నాడు ఆయన. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచేటప్పుడు నడుం పట్టుకుని, "కన్ను ఇంకాస్త కింద ఉండేది," అన్నాడు.

"పడిందిగా నాన్నా, ఇంక చెరిపితే మచ్చవుతుంది," అంది బుల్లి.

"మచ్చ వద్దులే. ఉండనీ."

ఫ్రేము బిగించి మేకుకి తగిలించారు, ముఖం ఇటు పెట్టి. ఆ పూట నాన్న బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. వదిన మాట్లాడకుండా వడ్డించింది. ఆవిడ మాట్లాడకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

*

మర్నాడు పొద్దున్న నాన్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కడ కూడా ఉండాలిగా," అన్నాడు.

"అది మందు కంపెనీవాళ్ళది నాన్నా. మనం చెయ్యి పెట్టకూడదు," అంది బుల్లి.

"చెయ్యి ఎవరిది?"

బుల్లి సొరుగులోంచి అద్దంమీద రాసే లావు పెన్ను తీసి సంచిలో వేసుకుంది. ఇన్నేళ్ళలో కంపెనీవాళ్ళ బొమ్మల్ని తీసెయ్యడమే గాని, వాళ్ళదానిమీద ఒక చుక్క పెట్టి ఎరగదు.

బస్టాపులో పచ్చ స్కార్ఫు ఆవిడ ఉంది. బుల్లి అద్దం ముందు నిలబడి, పక్కకి, తాళాల దుకాణంవైపు చూస్తూ గీయడం మొదలుపెట్టేసరికి ఆవిడ సంచి పట్టుకుని లేచింది.

"అయ్యో, ఇదేంటమ్మా? పెద్దదానివి, పిల్లల్లాగా బోర్డులమీద గీతలేంటి?"

"ఆవిడదేనమ్మా," అన్నాడు నాన్న. "మా ఇంట్లో ఉండిపోయింది. తెచ్చి ఇచ్చేస్తున్నాం."

స్కార్ఫు ఆవిడ అద్దంలోకి, బుల్లి ముఖంలోకి, మళ్ళీ అద్దంలోకి చూసింది. ఆ గడ్డం, ఈ గడ్డం ఒక్కటేనని తెలిసింది కాబోలు, సంచి దించి మళ్ళీ కూర్చుంది. బస్సు వచ్చింది. ఎక్కబోతూ అంది. "మోకాళ్ళ గురించి ఏదో అన్నాను మొన్న. ఏమీ అనుకోకండి."

"ఆవిడైతే మీకంటే ఎక్కువ అనేది," అన్నాడు నాన్న.

తర్వాత అద్దానికి దగ్గరగా వెళ్ళి చూశాడు. "మళ్ళీ కన్ను పైనే పెట్టావు."

"చెయ్యి అక్కడికే పోతోంది నాన్నా. ఏం చెయ్యను?"

అది ఒక్కరోజే ఉంది. రెండో రోజు వాళ్ళు వెళ్ళేసరికి బస్టాపు ముందు బకెట్టు పెట్టి, అద్దాలు తుడిచే మనిషి నిలబడి ఉన్నాడు. చొక్కా జేబుమీద మందు కంపెనీది కాదు, ఇంకేదో కంపెనీ గుర్తు. స్పాంజి ముంచి అమ్మ చేతిమీద పులుముతున్నాడు. పచ్చరంగు సాగి, ముంజేతినుంచి సంచిమీదికి, ఆకు గుర్తుమీదికి కారుతోంది.

"కుర్రవెధవలు," అన్నాడు వీళ్ళని చూసి. "కోతిచేష్టలు. ఎంత తోమినా మరక పోదు."

నాన్న చెయ్యి బుల్లి భుజంమీద పడింది. బరువుగా పడింది.

"మధ్యలో తోమకండి," అంది బుల్లి. "అంచునుంచి లోపలికి రండి. గీత ఎటు పోతే అటు. అప్పుడు మరక సాగదు."

అతను అలాగే చేశాడు. శుభ్రంగా పోయింది. "మీరూ ఈ పనేనా?" అన్నాడు మెచ్చుకోలుగా.

"ఈ పనే," అంది.

అతను నీళ్ళు చిమ్మాడు. అద్దంమీద నురగ దిగుతోంది, అమ్మ భుజంమీదినుంచి మోచేతిమీదికి, మోచేతినుంచి ముంజేతిమీదికి. బుల్లి దాన్నే చూస్తూ నిలబడింది. ఇంటి వెనక కుళాయి దగ్గర అమ్మ మోచేతులదాకా సబ్బు రుద్దుకుని నిలబడేది. నురగ అలాగే దిగేది. ముందు ముక్కు బయటపడేది. తర్వాత మెడ. అమ్మ చెయ్యి తిప్పి మిగతా నీళ్ళు ఒంపుకునేది, వేళ్ళు ముడిచేది. ముడిచినప్పుడు మణికట్టునుంచి పచ్చనరం ఒకటి పైకి లేచేది. పిట్ట కన్ను ఆ నరానికి పైన కాదు, దాని కింద. నరం లేచినప్పుడల్లా కన్ను మూసినట్టు అయ్యేది. పిట్ట కన్నుకొట్టిందే అని చిన్నప్పుడు బుల్లి నవ్వేది. అమ్మ ఇంకోసారి వేళ్ళు ముడిచేది.

బుల్లి చెయ్యి చాపి బెంచీ అంచు పట్టుకుంది.

"ఏమ్మా?" అన్నాడు నాన్న.

"ఏంలేదు. నురగ."

అద్దాల మనిషి స్పాంజి పిండి, బకెట్టు ఎత్తుకుని, సైకిలుకి తగిలించుకుని వెళ్ళిపోయాడు. మలుపు తిరిగేదాకా బుల్లి చూసింది. సంచిలోంచి పెన్ను తీసింది. తడి ఆరేదాకా ఆగి, చొక్కా చేతితో ఇంకోసారి ఒత్తి, గీసింది. ఈసారి తాళాల దుకాణంవైపు చూడలేదు. అమ్మ చేతినే చూస్తూ గీసింది. కళ్ళలోంచి కారుతున్నవి తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, వాటిని అలాగే వదిలేసింది. రొమ్ము, పొట్ట, కాళ్ళు, వీపు, వెనక్కి తిరిగిన మెడ.

బస్సు వచ్చి ఆగింది. ఎక్కుతారా అని డ్రైవరు హారన్ కొట్టాడు. నాన్న చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

కన్ను కాస్త కిందికి పెట్టింది.